ఇంట్ల కంప్యూటర్‌కి కాపలా ఎవరు? మా కాలనీ హాల్లో విన్న ముచ్చట

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో, కంప్యూటర్లు రిపేర్ చేసే ఒకాయన యాంటీ స్పైవేర్ గురించి, అంటే కంప్యూటర్‌ల దూరి మనల్ని చాటుగ చూసే దొంగ సాఫ్ట్‌వేర్లని పట్టేదాని గురించి, మాట్లాడిన మీటింగ్ రికార్డింగ్ విని టైప్ చేసిన. రాలేకపోయినవాళ్ళు అడిగిన్రు, అందుకని. తడబాట్లు మాత్రమే తీసేసిన, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.

అందరికీ నమస్కారం. వెనక కూసున్నోళ్ళకి వినపడుతుందా? ఆ ఫ్యాన్ జర తగ్గించు తమ్మీ, మైకుల గాలి సౌండే వస్తుంది. ఆ, ఇప్పుడు మంచిగుంది.

నేను లెక్చరర్‌ని కాదు, ముందే చెప్తున్న. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల సీటీసీ ఉంది గదా, చెనాయ్ ట్రేడ్ సెంటర్, అక్కడ 20 ఏళ్ళ నుంచి కంప్యూటర్లు రిపేర్ చేసుకుంట బతుకుతున్న. మీ ప్రెసిడెంట్ గారు ఫోన్ చేసి, యాంటీ స్పైవేర్ ఏది మంచిదో వచ్చి చెప్పు బాబూ, ఒక్క పేరు చెప్తే చాలు అన్నరు. ఒక్క పేరే కదా, చెప్పేస్త. మీ విండోస్‌ల ఆల్రెడీ ఉన్నదే. డిఫెండర్. అయిపోయింది, ఇంటికి పోవచ్చు.

పోతలేరు గదా? నవ్వుతున్నరు. నమ్మకం కుదరలే. ఫ్రీగా వచ్చింది మంచిగెట్ల ఉంటది అని. పోయిన నెల ఒక సార్ వచ్చిన్రు నా దగ్గరికి, ఆయన ముచ్చట చెప్త, అప్పుడు మీకే అర్థమైతది.

రిటైర్డ్ టీచర్. సీపీయూని పాత బెడ్‌షీట్‌ల చుట్టి, ఆటోల ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన్రు. చిన్న పిల్లగాణ్ని దవాఖానకి తెచ్చినట్టు. స్లో అయింది బాబూ, ఏది నొక్కినా తిరుగుతనే ఉంటది అన్నరు. ఆన్ చేసిన. కిందికి పోయి చాయ్ తాగొచ్చిన, ఇంకా డెస్క్‌టాప్ పూర్తిగ రాలే. వచ్చినంక చూస్తే కింద కుడిమూల మూడు బొమ్మలు, మూడు షీల్డులు. మూడు యాంటీ స్పైవేర్లు! ఒకటి సీపీయూ కొన్నప్పుడు ట్రయల్‌గ వచ్చింది, అది ఎక్స్‌పైర్ అయి ఎన్ని నెలలైందో. రెండోది వాళ్ళ మనవడు వేసిండట. మూడోది ఎట్ల వచ్చిందో సార్‌కే తెల్వదు, అదేమో ఎర్ర రంగుల, మీ కంప్యూటర్‌ల పన్నెండు వందల ప్రాబ్లమ్స్ ఉన్నయి, పైసలు కడితే తీసేస్త అంటుంది. సార్ కట్టిన్రు కూడా. ఒకసారి కాదు, రెండుసార్లు.

సరే, ముందు ఆ మూడూ తీసేసిన. మూడోది తీయనీకి ఒక గంట పట్టింది, అది వేరే కథ. అవి పోయినంక డిఫెండర్ దానంతట అదే లేచింది. లేచింది కానీ ఏమీ పడతలేదు. నాకు డౌటొచ్చి సెట్టింగ్స్ లోపలికి పోయి ఎక్స్‌క్లూజన్స్ అని ఒక లిస్టు ఉంటది, స్కాన్ చేయొద్దు అని మనం చెప్పుకునే ఫోల్డర్ల లిస్టు, అది తెరిచిన. అందుల ఒక్కటే లైన్. సీ, రెండు చుక్కలు, ఒక వాలు గీత. అంటే ఏంది? సీ డ్రైవ్ మొత్తం. విండోస్ ఉన్న డ్రైవ్ మొత్తం చూడొద్దని రాసుంది.

సార్, మీ అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్ ఉన్నడు, నెలనెలా జీతం తీసుకుంటున్నడు, కానీ గేటు లోపల ఎటూ చూడొద్దని ఎవరో ఆయన చెవిలో చెప్పిపెట్టిన్రు అన్న. ఎవరు చెప్పిన్రు? సార్ ఇంటికొచ్చి మూడు వందలకి విండోస్ వేసిచ్చిన పిల్లగాడు. ఒరిజినల్ కాదు గదా, దాన్ని యాక్టివేట్ చేయనీకి ఒక క్రాక్ టూల్ వేసిండు, ఆ టూల్ పనిచేయాలంటే ముందు డిఫెండర్ ఆఫ్ చేయి, లేకపోతే ఎక్స్‌క్లూజన్‌ల పెట్టు అంటది. పెట్టిండు, పనైంది, పోయిండు. ఆ తలుపు మాత్రం అట్లనే తెరిచి ఉంది. నేను ఆ పిల్లగాణ్ని తిడతలేను. 2006, 07 టైములో నేను చేసింది కూడా అదే పని, సీడీ ఒకటి ఉండేది, అందరికీ అదే వేసిచ్చెటోణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది.

ఇంటికి పోయినంక మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. కొత్తది డౌన్‌లోడ్ చేసుడు కాదు, ఉన్నదాని కండ్లకి గంతలు ఎవరన్న కట్టిన్రా చూసుకునుడు. స్టార్ట్ మెనూల విండోస్ సెక్యూరిటీ అని కొట్టండి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందుల మేనేజ్ సెట్టింగ్స్. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌ల ఉండాలె, ట్యాంపర్ ప్రొటెక్షన్, అంటే ఈ సెట్టింగ్స్‌ని వేరే సాఫ్ట్‌వేర్లు మార్చకుండ ఆపేది, అది కూడా ఆన్‌ల ఉండాలె, అట్లనే కిందికి పోతే ఎక్స్‌క్లూజన్స్. మీరు పెట్టనిది అక్కడ ఏదన్న ఉంటే తీసేయండి. రాసుకుంటున్నరా? రాసుకోండి, మళ్ళా ఫోన్ చేసి అడుగుతరు నాకు తెలుసు.

అసలు స్పైవేర్ అంటే ఏంది, వైరస్ అంటే ఏంది, ఈ తేడా అడిగిన్రు ఇందాక ఒకరు. చాటుగ మిమ్మల్ని చూసేది స్పైవేర్, ఫైళ్ళల్ల దూరి పాకేది వైరస్. కానీ ఇప్పుడు ఆ తేడాతోని పెద్ద పని లేదు. ఒకప్పుడు ఉండేది. ఇంటర్నెట్ కేఫులు గుర్తున్నయా? అమీర్‌పేట్‌ల, దిల్‌సుఖ్‌నగర్‌ల గంటకి ఇన్ని రూపాయలని కూసునేది. ఆ కంప్యూటర్లల బ్రౌజర్ తెరిస్తే పైన సగం తెర టూల్‌బార్లే. గేటర్ అని ఒకటుండేది, మీ పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుంట అని లోపలికొచ్చి, మీరు ఏ సైట్లకి పోతున్నరో చూసి యాడ్స్ గుద్దేది. పాటల కోసం కజా వేసుకుంటే దానెంబడి ఇంకో నాలుగు వచ్చేటివి. యాంటీవైరస్‌లేమో వీటిని పట్టకపోయేది, ఎందుకంటే మీరే కదా ఐ అగ్రీ నొక్కింది! అందుకని వీటికోసమే వేరే సాఫ్ట్‌వేర్లు పుట్టినయి, యాడ్ అవేర్, స్పైబాట్ అని. మేము ఆ రెండూ పెన్ డ్రైవ్‌ల పెట్టుకొని తిరిగెటోళ్ళం, డాక్టర్ మెడల స్టెతస్కోప్ లెక్క.

2004 డిసెంబర్‌ల మైక్రోసాఫ్ట్ ఏం చేసిందంటే జెయింట్ అని ఒక చిన్న కంపెనీని కొన్నది, వాళ్ళ దగ్గర మంచి యాంటీ స్పైవేర్ ఉండేది. దాన్నే 2005 జనవరిల బీటాగ, అంటే పరీక్ష కోసం, వదిలిన్రు, తర్వాత పేరు మార్చి విండోస్ డిఫెండర్ అన్నరు, విండోస్ విస్టాల లోపలే పెట్టి ఇచ్చిన్రు. అప్పుడు అది ఒట్టి స్పైవేరే పట్టేది, వైరస్ పట్టకపోయేది. 2012ల విండోస్ 8 వచ్చినంకనే రెండూ పట్టుడు మొదలైంది. డిఫెండర్ దేనికీ పనికిరాదు అని మీ చుట్టాలల్ల ఎవరో ఒకరు అంటరు చూడండి, వాళ్ళు ఆ పాత రోజులు పట్టుకొని మాట్లాడుతున్నరు. అప్పుడది నిజమే. ఇప్పుడు కాదు.

నా మాట మీద నమ్మకండి. జర్మనీల మాగ్డెబర్గ్ అనే ఊర్ల ఏవీ టెస్ట్ అని ఒక ల్యాబ్ ఉంది, ఆస్ట్రియాల ఇన్స్‌బ్రుక్‌ల ఏవీ కంపేరటివ్స్ అని ఇంకోటి ఉంది. వీళ్ళ పనే ఇది, అన్ని కంపెనీలవి తెచ్చి నిజం వైరస్‌లు వదిలి ఏది ఎంత పట్టిందో మార్కులేస్తరు, ఫ్రీగ చూడొచ్చు. ఏవీ టెస్ట్ వాళ్ళు మూడు సబ్జెక్టులకి ఆరారు మార్కులు, మొత్తం 18కి వేస్తరు. పట్టుడు ఒకటి, కంప్యూటర్‌ని స్లో చేయకుండుడు ఒకటి, మంచి ఫైళ్ళని దొంగలనకుండుడు ఒకటి. మూడోదాన్ని మనోళ్ళు పట్టించుకోరు. కానీ మీ టాలీ ఫైల్‌ని వైరస్ అని లోపలేస్తే ఏం చేస్తరు? మార్చి నెలల? ఇంకో మాట, యూట్యూబ్‌ల టాప్ టెన్ వీడియోల కింద కొనే లింకు ఉంటది చూడండి, అది నొక్కితే వాళ్ళకి కమీషన్. తప్పని కాదు, అది తెలుసుకొని చూడాలె, గంతే.

మరి పైసలు పెట్టి కొనొద్దా? కొనొచ్చు. క్విక్ హీల్ పుణెది, కే7 మన పక్కన చెన్నైది, బయటి కంపెనీలయి బిట్‌డిఫెండర్, ఈసెట్ ఉన్నయి. క్విక్ హీల్ పెట్టినాయన మొదలు క్యాలిక్యులేటర్లు రిపేర్ చేసెటోడు, అందుకని నాకు ఆ కంపెనీ అంటే కొంచెం ప్రేమ, మా జాతి కదా! ఒకే డబ్బాల నాలుగైదు కంప్యూటర్లకి కావాలన్నా, పిల్లలు చూసే సైట్ల మీద కంట్రోల్ కావాలన్నా, ఫోన్ చేస్తే ఎత్తెటోడు కావాలన్నా కొనండి. కొన్నప్పుడు ఆటో రెన్యువల్ ఉంటది, మొదటి ఏడాది రేటు తక్కువ ఉంటది, రెండో ఏడాది మీ కార్డ్ నుంచి ఎంత పోయిందో మెసేజ్ వచ్చినంక తెలుస్తది. అది ముందే ఆఫ్ చేసుకోండి.

ఏమన్నరు అమ్మా? ఆ, అమ్మ అడుగుతున్నరు, అదీ పెట్టుకొని ఇదీ పెట్టుకుంటే డబల్ సేఫ్టీ కదా అని. ఒక ఒరల రెండు కత్తులు ఇముడుతయా? ఇది ఫైల్ తెరవంగనే అది కూడా అదే ఫైల్ తెరుస్తది, నువ్వెవరంటే నువ్వెవరు అని రెండూ కొట్టుకుంటయి, మధ్యల మీ కంప్యూటర్ నలిగిపోతది. రోజంతా కాపలా కాసేది ఒక్కటే ఉండాలె. కాకపోతే అప్పుడప్పుడు పిలిచి చూపించుకునే రెండో డాక్టర్ ఉండొచ్చు. దానికి మాల్వేర్‌బైట్స్ ఫ్రీది సరిపోతది. వేసినప్పుడు ట్రయల్ పెడత అంటది, ట్రయల్ అయిపోయినంక ఒట్టి స్కాన్ చేసేది మిగులుతది, మనకి కావాల్సింది అదే. బ్రౌజర్‌ల టూల్‌బార్లు, తెల్వని సెర్చ్ పేజీలు వస్తుంటే వాళ్ళదే ఆడ్‌వ్ క్లీనర్ అని చిన్నది ఉంది. మైక్రోసాఫ్ట్‌దే సేఫ్టీ స్కానర్ అని ఇంకోటి, డౌన్‌లోడ్ చేసినంక 10 రోజులే పనిచేస్తది, మళ్ళా కావాలంటే మళ్ళా కొత్తది తెచ్చుకోవాలె. పాల ప్యాకెట్ లెక్క.

ఇప్పుడొకటి చూపిస్త, తెర మీద చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచిన. ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఉంటది, 68 అక్షరాలు, దాంతోని ఎవరికీ ఏ హానీ లేదు. ప్రపంచంల దాదాపు అన్ని యాంటీవైరస్‌లూ దీన్ని దొంగ లెక్క పట్టాలని అందరూ కలిసి ఒప్పుకున్నరు, ఒట్టి టెస్ట్ కోసం. ఫైర్ డ్రిల్ లెక్క అనుకోండి. కొడుతున్న చూడండి... అన్నీ కొట్టిన, సేవ్ చేసిన. ఏం కాలే. ఏం కాలేదు ఎందుకు? ఇజ్జత్ పోయింది అనుకుంటున్నరా? మూడో అక్షరం చూడండి, నేను జీరో కొట్టిన, అది జీరో కాదు, ఇంగ్లీష్ ఓ. అందరూ ఇక్కడనే తప్పు చేస్తరు, అందుకే మీ ముందు చేసి చూపించిన. నిజంగ కావాలనే చేసిన, నమ్మండి. సరే, ఇప్పుడు ఓ పెట్టిన, సేవ్... వచ్చిందా? కుడిమూల చూడండి, థ్రెట్స్ ఫౌండ్. ఫైల్ మాయం. క్వారంటైన్‌ల పడ్డది, అంటే జైల్ల పెట్టిండు, ఉరి తీయలే. పొరపాటున మన ఫైల్‌నే పడితే అక్కడికెళ్ళి రీస్టోర్ కొట్టి తెచ్చుకోవచ్చు. మీ ఇంట్ల వాచ్‌మన్ మేల్కొని ఉన్నడా లేదా అనేదానికి ఇంతకన్న మంచి పరీక్ష లేదు. ఐకార్ వాళ్ళ సైట్ల ఆ అక్షరాలు ఉంటయి, కాపీ చేసుకోండి, నా లెక్క చేత్తోని కొట్టకండి.

స్కాన్ ఎప్పుడు చేయాలె? క్విక్ స్కాన్ దానంతట అదే చేసుకుంటది, మీరు ఊకె నొక్కనవసరం లేదు. ఫుల్ స్కాన్ నెలకోసారి, రాత్రి పెట్టి పడుకోండి. నిజంగ డౌట్ ఉంటే ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంది, చాలామందికి తెల్వదు. అది నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ చేస్తది, ఒక పావుగంట పడతది. ఎందుకు అట్ల? కొన్ని దొంగలు విండోస్‌తోని పాటే లేచి దాక్కుంటయి, వాటిని నిద్రల ఉన్నప్పుడే పట్టాలె. ఇంకోటి, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌ల రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ అని ఉంటది, అందుల పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్ చేయండి. ఇందాక చెప్పిన గేటర్ జాతి వాటన్నిటికీ ఇదే మందు.

అసలు డేంజర్ ఎక్కడుందంటే, యాంటీ స్పైవేర్ పేరుతోని వచ్చే స్పైవేర్‌ల ఉంది. ఆ టీచర్ సార్ రెండుసార్లు పైసలు కట్టిన్రు చూడండి, అదే. కొత్త విద్య కాదు ఇది. విన్‌ఫిక్సర్ అని ఒకటుండేది, ఉత్తుత్తి స్కాన్ చూపించి, లేని వైరస్‌లు లెక్కపెట్టి, పైసలు గుంజేది. 2008 డిసెంబర్‌ల ఎఫ్‌టీసీ, అంటే కొనుక్కునేటోళ్ళని కాపాడే అమెరికా సర్కారు సంస్థ, వాళ్ళ మీద కేసేసింది, పది లక్షల మందికి పైగా మోసపోయిన్రని చెప్పింది. వెబ్‌సైట్ తెరవంగనే మీ కంప్యూటర్‌ల వైరస్ ఉంది అని ఫుల్ స్క్రీన్ వస్తది, సైరన్ మోగుతది, కింద ఒక ఫోన్ నంబర్ ఉంటది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వెబ్‌సైట్‌కి మీ హార్డ్ డిస్క్ లోపల ఏముందో స్కాన్ చేసే శక్తే లేదు. అది ఒక బొమ్మ. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎనీడెస్క్, అంటే దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, వేయమంటరు, వేసిన్రంటే ఇగ ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. ఆ విండో మూయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి బ్రౌజర్‌ని అక్కడికెళ్ళి ఆపేయండి. మీ ఇంటి తలుపు కొట్టి, అయ్యా మీ ఇంట్ల దొంగ ఉన్నడు, నేను పట్టిస్త అని ఎవడన్న వస్తే లోపలికి రానిస్తరా?

పెద్ద కంపెనీలు కూడా తక్కువేం తినలే. అవాస్ట్ తెలుసు గదా, ఇక్కడ సగంమంది వేసుకొని ఉంటరు ఒకప్పుడు, నేను కూడా ఎంతమందికి వేసిచ్చిన్నో. వాళ్ళు జంప్‌షాట్ అని ఒక కంపెనీని కొని, దాంతోని యూజర్లు ఏ సైట్లు చూస్తున్నరో ఆ డేటా అమ్మిన్రు. 2020ల బయటపడ్డది, ఆ కంపెనీ మూసేసిన్రు, 2024 ఫిబ్రవరిల ఎఫ్‌టీసీ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమన్నది. స్పైవేర్ నుంచి కాపాడెటోడే స్పై అయితే ఏమంటరు? కంచె చేను మేసుడంటే ఇదే. అందుకని ఫ్రీది పెట్టుకుంటే వాడికి పైసలు ఎక్కడికెళ్ళి వస్తున్నయని ఒక్కసారి అడుగుకోండి, ఇన్‌స్టాల్ అయితున్నప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని గుద్దుకుంట పోకుండ, ఆ చిన్న చిన్న టిక్కులు చూసి తీసేయండి.

రిజిస్ట్రీ క్లీనర్లు, స్పీడ్ పెంచే బూస్టర్లు, వాటి గురించి టైమ్ వేస్ట్. వద్దు.

ఇప్పుడు నడుస్తున్నది వేరే. దీని గురించి పిల్లలున్న తల్లిదండ్రులు జర వినాలె. సైట్ తెరిస్తే నేను రోబోట్‌ని కాదు అని టిక్ పెట్టమంటది గదా, అది అలవాటైపోయింది మనకి. ఇప్పుడు దొంగ సైట్లు ఏం చేస్తున్నయంటే, టిక్ పెట్టంగనే ఇట్ల చెప్తున్నయి, మీరు మనిషే అని నిరూపించుకోనీకి విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్. మూడే నొక్కులు. పిల్లగాడు గేమ్ క్రాక్ కోసం తొందర మీద ఉంటడు, నొక్కేస్తడు. ఏమైంది? టిక్ పెట్టినప్పుడే ఆ సైట్ ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డ్‌ల, అంటే కాపీ చేసింది దాచుకునే చోట, పెట్టింది, మీరు మీ చేత్తోనే దాన్ని పేస్ట్ చేసి నడిపించిన్రు. మీ చేత్తో మీరే తాళం తీసిచ్చినంక డిఫెండర్ కొన్నిసార్లు పడతది, కొన్నిసార్లు పట్టదు. ఏ సైట్ అయినా విండోస్ ఆర్ నొక్కమన్నదా, ఆ సైట్ దొంగది, ఇందుల డౌటే లేదు.

లోపలికొచ్చేది ఇన్ఫోస్టీలర్. ల్యూమా, రెడ్‌లైన్ అని పేర్లు వినుంటరు. ఇది ఏండ్లు ఏండ్లు కూసోదు. బ్రౌజర్‌ల సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు ఊడ్చుకొని పంపించేస్తది, కొన్ని అయితే తమను తాము డిలీట్ చేసుకుంటయి కూడా. కుకీ ఎందుకు అంటరా? మీరు ఆల్రెడీ జీమెయిల్‌ల లాగిన్ అయి ఉన్నరు అని చెప్పే చీటీ అది. ఆ చీటీ దొరికితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అడగకపోవచ్చు. మరుసటి రోజు మీరు స్కాన్ చేస్తే పచ్చ టిక్ వస్తది, అంతా క్లీన్ అని. క్లీనే, దొంగ వచ్చి పోయిండు కాబట్టి క్లీన్! ఇల్లు కడుక్కుంటే పోయిన బంగారం వస్తదా?

అందుకని అట్లాంటిది నొక్కిన్రని డౌటొస్తే ముందు ఇంటర్నెట్ వైర్ పీకండి, వైఫై ఆపండి. అదే కంప్యూటర్‌ల కూసొని పాస్‌వర్డ్ మార్చకండి, కొత్తది కూడా వాడికే పోతది. మీ ఫోన్‌లకెళ్ళి మార్చండి, మొదలు ఈమెయిల్‌ది, ఎందుకంటే మిగతా అన్నిటికీ తాళంచెవి అదే, అన్ని డివైస్‌లల్ల సైన్ అవుట్ కొట్టండి, తర్వాత బ్యాంక్‌ది. అప్పుడు తీరిగ్గ ఆఫ్‌లైన్ స్కాన్. పైసలు పోతే మాత్రం స్కాన్ గీన్ అని కూసోకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగ చేస్తే ఆ పైసలు ఎక్కడో ఒక ఖాతాల ఆగే ఛాన్స్ అంత ఎక్కువ. అంత పెద్ద ఇన్ఫెక్షన్ అయితే నేనైతే క్లీన్ చేయ, ఫోటోలు, కాగితాలు బయటికి తీసి విండోస్ కొత్తగ వేస్త. ఆ టీచర్ సార్‌ది కూడా అట్లనే చేసిన, ఈసారి ఒరిజినల్. వారం ఆగి ఫోన్ చేసిన్రు, కంప్యూటర్ మరీ తొందరగ ఆన్ అయితుంది, ఏమన్న ప్రాబ్లమా అని.

టైమైపోయిందంటున్నరు. చివరికి ఒకటి రెండు అడగండి. ఆ, ఆ అమ్మ అడుగుతున్నరు. ఫోన్‌ల పెళ్ళి పిలుపు అని ఏపీకే ఫైల్, అంటే యాప్ వేసే ఫైల్, వచ్చిందంట. పెళ్ళి పత్రిక ఫోటో అయినా వస్తది, పీడీఎఫ్ అయినా వస్తది, యాప్ లెక్క రాదమ్మా. డిలీట్ కొట్టండి. తెలిసినవాళ్ళ నంబర్‌కెళ్ళి వచ్చినా సరే, వాళ్ళ ఫోన్ ముందే పోయిందన్నట్టు, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి.

మీరు సార్? విండోస్ 10. మంచిగ అడిగిన్రు, ఇక్కడ చాలామందిది అదే ఉంటది. 2025 అక్టోబర్ 14న దానికి మామూలు సపోర్ట్ ఆపేసిన్రు. డిఫెండర్‌కి కొత్త దొంగల లిస్టు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తమన్నరు. మరి ఇంకేంది అంటరు? వాచ్‌మన్‌కి కొత్త ఫోటోలు వస్తనే ఉంటయి కానీ గోడకి పడ్డ బొక్కలు ఎవరూ పూడ్వరు, అదీ తేడా. ఈఎస్‌యూ, అంటే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఉంది, అందుల చేరితే 2026 అక్టోబర్ 13 దాకా ఆ బొక్కలు కూడా పూడుస్తరు. సెట్టింగ్స్‌ల విండోస్ అప్‌డేట్‌ల ఎన్‌రోల్ అని కనిపిస్తది. మెషీన్ 11కి పోయేటట్టుంటే 11కి పోండి, పోకపోతే ఆ కంప్యూటర్‌ల పాటలు వినండి, ఫోటోలు చూసుకోండి, బ్యాంక్ పని మాత్రం వేరే దాంట్ల చేసుకోండి.

ఇగ ఆ మూలకున్న అన్న ల్యాప్‌టాప్ పట్టుకొని ఎప్పటిసంది నిలబడ్డడు. తే అన్నా ఇటు, ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూద్దాం. ఛార్జర్ తెచ్చినవా?